అప్పచెల్లెళ్ళ నవలకి ఏళ్ళ లెక్క కట్టడం: నా అనుభవం

నా నవలలో కథ 1905లో మొదలై 1922లో ముగుస్తుంది. ఇప్పటి ఒడిశాలో ఉన్న బరంపురంలో ఒక తెలుగింటి అప్పచెల్లెళ్ళ కథ. మొదటి ప్రతి పూర్తయ్యాక చదివితే, ఒకచోట అప్ప ఐదేళ్ళు పెద్ద, ఇంకోచోట మూడేళ్ళే పెద్ద. ఆ రెండేళ్ళ తేడాతో పెళ్ళి, కాపురానికి పంపడం, పురుళ్ళు అన్నీ ఒకదానిమీద ఒకటి పడ్డాయి. ఆ కాలపు ఆడపిల్ల కథలో ప్రతి మలుపూ వయసు మీదే ఆధారపడుతుంది. అందుకని రాయడం ఆపి పట్టిక వేసుకున్నాను.

పొడుగు లెక్కల పుస్తకంలో ఏడాదికో వరస, వరసకి ఐదు గళ్ళు: ఇంగ్లీషు ఏడు, తెలుగు సంవత్సరం పేరు, ఫసలీ (శిస్తు లెక్కల ఏడు), అప్ప వయసు, చెల్లి వయసు. తెలుగు పేరు కోసం, 1926 దాకా, ఇంగ్లీషు ఏడులోంచి 1866 తీసెయ్యాలి. మిగిలిన అంకె ప్రభవ మొదలు ఎన్నోదో చెబుతుంది. 1908కి 42 వస్తుంది, అంటే కీలక. జనవరి నుంచి ఉగాది దాకా మాత్రం వెనకటి పేరే నడుస్తుంది కాబట్టి 1909 సంక్రాంతి కూడా కీలకలోదే. పొరపాట్లు ఎక్కువగా జరిగేది ఈ మూడు నెలల్లోనే. ఫసలీకి 590 తియ్యాలి, అది జూలై 1న మారుతుంది. 1908 జూలై నుంచి 1318. కథలో శిస్తు రసీదు కనిపిస్తే దానిమీద ఉండాల్సింది ఈ అంకె.

తరవాత చట్టం. పెళ్ళికి కనీస వయసు పెట్టిన శారదా చట్టం 1929లో వచ్చి 1930 ఏప్రిల్‌లో అమలైంది. నా కథాకాలంలో పెళ్ళికి కనీస వయసంటూ లేదు. 1891 చట్టం పన్నెండేళ్ళన్నది కాపురం గురించే, పెళ్ళి గురించి కాదు. ఈ రెండూ కలిపేస్తే ఎనిమిదేళ్ళ పిల్ల పెళ్ళికి పోలీసులొచ్చే దృశ్యం పుడుతుంది, అది జరగని పని.

నన్ను ఎక్కువ తిప్పలు పెట్టింది ఆస్తి. పంతొమ్మిదేళ్ళకి భర్త పోయిన అప్ప తన వాటా అడుగుతుందని రాశాను. ఉమ్మడి కుటుంబంలో అప్పుడు విధవకి వాటా లేదు, మనోవర్తి మాత్రమే. వాటా ఇచ్చిన చట్టం 1937 నాటిది. భర్త అన్నదమ్ముల నుంచి విడిపోయి, కొడుకుల్లేకుండా పోతే భూమి ఆమె చేతికొస్తుంది, అదీ బతికినంతకాలం అనుభవించడానికే. మళ్ళీ పెళ్ళి చేసుకుంటే ఆ హక్కూ పోతుందని 1856 చట్టంలోనే ఉంది. కాబట్టి వెనక్కెళ్ళి, అతను పోవడానికి రెండేళ్ళ ముందు పంపకాల దస్తావేజు రాయించాను. రెండు అధ్యాయాలు తిరగరాయాల్సి వచ్చింది. కానీ చెల్లి "మళ్ళీ పెళ్ళి చేసుకో అప్పా" అన్నప్పుడు అప్ప ఎందుకు మాట్లాడదో దాంతో కథలోకి వచ్చింది.

మా ఊరి సంగతులు ఇక్కడి వాళ్ళే తప్పు రాస్తారు. 1936 ఏప్రిల్ 1 దాకా మా గంజాం జిల్లా మద్రాసు రాష్ట్రంలోదే. అప్పీలు కటకం వెళ్ళదు, మద్రాసు హైకోర్టుకి వెళుతుంది. కలెక్టరుండేది ఛత్రపురంలో, బరంపురంలో కాదు. పర్లాకిమిడిలో కాపురమున్న చెల్లి పుట్టింటికి రావాలంటే చిన్న రైల్లో నౌపడ చేరి, అక్కడ పెద్ద రైలెక్కాలి. ఆ చిన్న రైలు 1900లో వచ్చింది. గుణుపురం నుంచి వచ్చే మనిషిని మాత్రం బండిలోనే తీసుకురావాలి, అక్కడికి పట్టాలు నవల ముగిసిన ఎన్నో ఏళ్ళకి గానీ పడలేదు. బరంపురం అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్ర, ఏడాది విడిచి ఏడాది వస్తుంది. నేను వరసగా రెండేళ్ళు పెట్టేశాను, ఒకటి తీసేశాను.

పిలుపులు కూడా సరిచూశాను. మన ఇంట్లో "అప్ప", పక్క ఒడియా ఇంట్లో "అపా". వీధిలోంచి వినబడితే ఎవరు ఎవరిని పిలుస్తున్నారో ఆ ఒక్క ఒత్తే చెప్పాలి. అచ్చులో అది పోతే దృశ్యమే పోతుంది. అందుకని ప్రూఫుల్లో ఆ మాట వచ్చిన ప్రతి చోటా ఎర్ర సిరాతో చుట్టి పెట్టాను.

ఆఖరికి ఉత్తరాలు. కార్డు ధర 1922లో అర్ధణా అయింది, అప్పటిదాకా పావు అణా. కార్డులో పట్టేది కొంచెమే, పైగా దారిలో ఎవరైనా చదవచ్చు, కాబట్టి అప్పచెల్లెళ్ళు గుట్టు మాటలు అందులో రాసుకోరు. నా మొదటి ప్రతిలో అన్నీ కార్డు మీదే రాయించాను. మనసు విప్పిన ప్రతి ఉత్తరాన్నీ కవరులోకి మార్చాను. ఆ మార్చడంలోనే ఇంకో తప్పు దొరికింది. అప్ప చెల్లికి రాసే ప్రతి ఉత్తరం "చి॥ ల॥ సౌ॥"తో మొదలవుతుంది, అది సరే. చెల్లి నుంచి అప్పకి వచ్చే ఉత్తరాల్లో మాత్రం భర్త పోయాక కూడా "సౌభాగ్యవతి" అలాగే ఉండిపోయింది. పదకొండు ఉత్తరాల్లో కొట్టేశాను. మొదటిదాంట్లో మాత్రం చెల్లి అలవాటుకొద్దీ "సౌ" దాకా రాసి గీసేసినట్టు ఉంచాను.