కేస్లాపూర్ చలిలో పైపులు ఖాళీ చేసిన రాత్రి

పోయిన జనవరిలో కశ్మీర్‌లోని పహల్‌గామ్‌లో, పడక, వంట అన్నీ లోపలే ఉండే మా క్యాంపర్ వ్యాన్ నీళ్ల పంపు పగిలింది. పగిలింది రాత్రి, తెలిసింది మర్నాడు. ఎండెక్కాక ట్యాంకు నింపి స్విచ్ వేస్తే మంచం కింది నుంచి నీళ్లు చిమ్మాయి. పరుపు, బియ్యం సంచి, పాప స్వెట్టర్లు అన్నీ తడిసిపోయాయి. నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది. ఆ ఉబ్బుకు పంపు ప్లాస్టిక్ తల ఆగలేదు. ట్యాంకు ఖాళీ చేసే పడుకున్నాం కదా, మరి పంపులోకి నీళ్లెక్కడివి? హనుమకొండ తిరిగొచ్చాక కూడా అదే ఆలోచన.

ఈసారి కశ్మీర్ పోయే ముందు ఒక రాత్రి చలిలో ప్రాక్టీసు చేద్దామన్నాను. "ఇంటి ముంగటనే చేస్తే అయిపోదా?" అన్నాడు బావ. ఇంటి ముందు వీధిలైటు ఉంటుంది, చేతులు కొంకర్లు పోవు. కశ్మీర్‌లో చీకట్లో, మొద్దుబారిన వేళ్లతో చేయాలి. ఆదిలాబాద్ జిల్లా కేస్లాపూర్‌లో గోండుల నాగోబా జాతర దగ్గరపడింది, చలికి ఆదిలాబాద్‌ను మించింది మా వైపు లేదు. ఇద్దరం అక్కడికే బయల్దేరాం.

కరీంనగర్ దాటి, రాయపట్నం వంతెన మీద గోదావరి దాటి, లక్షెట్టిపేట, జన్నారం, ఉట్నూరు మీదుగా పోయాం. జన్నారం మండలంలోని హస్తినమడుగు నుంచే మెస్రం వంశీయులు నాగోబా అభిషేకానికి గోదావరి జలం ఝరీ అనే పాత్రలో పట్టుకుని కాలినడకన వస్తారు. మేం చేరేసరికి మర్రిచెట్ల కింద బండ్లు విప్పి, పొయ్యిలు పెట్టుకుని ఉన్నారు. అన్ని మైళ్లు మోసుకొచ్చిన నీళ్లను వాళ్లు చూసుకునే తీరు చూస్తూ చాలాసేపు నిలబడ్డాను.

రాత్రి రెండింటికి అలారం. బయట 8 డిగ్రీలు. ఇక్కడ నీళ్లు గడ్డకట్టవు, కానీ వేళ్లు మాత్రం మాట వినవు. ట్యాంకు కింది వాల్వ్ తిప్పి బకెట్లు పెట్టాం. వేడి, చన్నీళ్ల కుళాయిలు రెండూ తెరిచాం. ఒకటే తెరిస్తే రెండోవైపు నీళ్లు అలాగే ఉండిపోతాయి. గీజర్ స్విచ్ ఆపి, చల్లారాక దాని ప్లగ్గు తీశాం. షవర్ గొట్టాన్ని కిందికి వేలాడదీశాం. పంపును కాసేపు నడిపితే గరగర శబ్దం సన్నని మోతగా మారింది. అంటే గాలి లాగుతోందన్నమాట, వెంటనే ఆపేశాం.

"నీళ్లన్నీ దిగినయి బామ్మర్దీ, ఇగ పడుకుందాం" అన్నాడు బావ. నాకు నమ్మకం కుదరలేదు. సైకిల్ పంపు తెచ్చి కుళాయి మూతికి పట్టించి మెల్లగా గాలి కొట్టాం. గుళుక్కుమంటూ గ్లాసుడు నీళ్లు బయటపడ్డాయి. టార్చి వేసి పైపు వెంబడి పోతే, చక్రం గూడు వెనక ఒకచోట పారదర్శకమైన పైపు ఊయలలా కిందికి జారి ఉంది. ఆ వంపులో ఇంకా రెండు వేళ్ల నీళ్లు, లోపల ఒక బుడగ అటూ ఇటూ ఊగుతోంది. వ్యాన్ ఏటవాలుగా నిలిపితే ఆ నీళ్లు పంపులోకి పోతాయి. పహల్‌గామ్‌లో మేం వాలు మీదే నిలిపాం.

"రేడియేటర్ కూలెంట్ కొంచెం పోస్తే గడ్డకట్టదు కదా?" అన్నాడు బావ. ఒద్దే ఒద్దన్నాను. అందులో సాధారణంగా ఇథిలిన్ గ్లైకాల్ ఉంటుంది, అది విషం. తాగునీటి పైపుల కోసం ప్రొపిలిన్ గ్లైకాల్‌తో చేసే వేరే ద్రవం ఉంది. అది దొరికితే సింకు కింది వంపు గొట్టంలో పోయొచ్చు. తాగడానికి మాత్రం ఇరవై లీటర్ల క్యాను మంచం పక్కనే, నిండా నింపకుండా పెట్టుకుంటాం. గడ్డకట్టినా ఉబ్బడానికి చోటుండాలి.

తెల్లారి బకెట్లలో నీళ్లు పక్క బండి ఎడ్లకు పెట్టాం. ఆదిలాబాద్‌లో ఒక హార్డ్‌వేర్ షాపులో ఆరు క్లాంపులు కొని, పైపును వాల్వ్ వైపు వాలుగా బిగించాం. మళ్లీ ట్యాంకు నింపి, మళ్లీ ఖాళీ చేసి, గాలి కొట్టాం. కుళాయి కింద పెట్టిన బావ అరచేయి పొడిగానే ఉంది. బావ టైర్లలో గాలి చూసుకున్నాడు, 44వ నంబర్ జాతీయ రహదారి ఎక్కి నాగ్‌పూర్ వైపు తిరిగాం.