కీమోకు ముందు దొరికిన మూడు వారాలు

2021లో, నా ముప్పై ఒకటో ఏట, ఎడమ రొమ్ములోని గడ్డ క్యాన్సరని తేలింది. ఆపరేషన్‌కూ మొదటి కీమోకూ మధ్య మూడు వారాల వ్యవధి ఉంది. ఆలోపు అండాలు తీయించి ముందుముందు పిల్లల కోసం దాచుకోవచ్చన్న సంగతి డ్రెస్సింగ్ మార్చడానికి వచ్చిన నర్సు చెబితేగాని నాకు తెలియలేదు. ఫైలు చూసిన డాక్టర్లెవరూ ఆ ఊసే ఎత్తలేదు. ఇంట్లో చెబితే మా అత్తగారు "ముందు నువ్వు బతికి బట్టకట్టమ్మా, పిల్లల సంగతి తరువాత" అన్నారు. ఆ 'తరువాత' అన్నదే నాకు లేకుండా పోయే ప్రమాదముందని ఆవిడకు ఎలా చెప్పాలో తోచలేదు.

నాకు రాసిన కీమో మందుల్లో సైక్లోఫాస్ఫమైడ్ ఉంది. అది అండాశయాల్లోని అండాల నిల్వను తరిగిస్తుంది. తరిగినది మళ్లీ పెరగదు. నెలసరి కోసం ఆగకుండా ఏ రోజైనా అండాలు ఎదిగేందుకు ఇంజెక్షన్లు మొదలుపెట్టవచ్చని, నా గడ్డ ఈస్ట్రోజన్‌తో పెరిగే రకం కనుక ఆ హార్మోను మితిమీరకుండా లెట్రోజోల్ మాత్రలు కూడా ఇస్తామని సంతాన సాఫల్య నిపుణురాలు వివరించారు. పన్నెండు రోజులు సాయంత్రం పూట పొట్ట మీద సూది వేయించుకున్నాక పదకొండు అండాలు తీశారు. వాటిలో ఐదు పిండాలై, మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లోకి చేరాయి. పెళ్లికానివారు అండాలనే దాచుకోవచ్చు. మగవారికైతే కీమోకు ముందు వీర్యం ఇచ్చి వస్తే సరిపోతుంది, అయినా ఆ ముక్క చెప్పేవారు లేక ఎంతమంది నష్టపోతున్నారో!

కీమో, రేడియేషన్ ముగిశాక జబ్బు తిరగబెట్టకుండా ఈస్ట్రోజన్‌ను అడ్డుకునే టామోక్సిఫెన్ అనే హార్మోను మందు ఐదేళ్లు వాడమన్నారు. అది వాడుతుండగా గర్భం దాల్చకూడదు. 2023లో వెలువడిన 'పాజిటివ్' అధ్యయనం నాకు దారి చూపింది: 18 నుంచి 30 నెలలు హార్మోను మందు వాడి, గర్భం కోసం రెండేళ్ల వరకు విరామం తీసుకున్న 516 మందిలో మూడేళ్లకు జబ్బు తిరగబెట్టినవారు 8.9 శాతం, పోలిక కోసం తీసుకున్న విరామం లేనివారిలో అది 9.2 శాతం. ఇది మూడేళ్ల లెక్క మాత్రమేనని మా డాక్టరు రెండుసార్లు హెచ్చరించారు.

2024 నడిమిలో మాత్ర ఆపి, మందు ఒంట్లోంచి పోయేందుకు మూడు నెలలు ఆగాము. మొదటి పిండం నిలవలేదు, రెండోది నిలిచింది. రేడియేషన్ తగిలిన ఎడమవైపు పాలు పడలేదు కనుక పాపకు కుడివైపే పట్టాను. ఆరో నెల నిండాక పాలు మాన్పించి మళ్లీ టామోక్సిఫెన్ మొదలుపెట్టాను. రోజూ రాత్రి ఆ మాత్రా, మంచినీళ్ల గ్లాసూ తెచ్చి చేతికిచ్చేది మా అత్తగారే.