హాజరు పట్టీలో పేరు లేనివాళ్ళు

మన బడి పాత విద్యార్థుల సంచికకి ఏదైనా రాయమని కమిటీ వాళ్ళు అడిగారు. మాస్టార్ల గురించి, టీచర్ల గురించి రాసేవాళ్ళు చాలామంది ఉన్నారని నాకు తెలుసు. తెలుగు మాస్టారు గణవిభజన చెప్పిన తీరు గురించి మా బ్యాచ్‌లోనే ముగ్గురు రాస్తామన్నారు. ఆయన గురించి ఎంతమంది రాసినా తక్కువే. అందుకని నేను వేరేవాళ్ళ గురించి రాస్తాను. మన బడి రిజిస్టర్లలో పేరు లేనివాళ్ళు, గ్రూపు ఫోటోల్లో కనపడనివాళ్ళు కొందరున్నారు. పైసా జీతం తీసుకోకుండా మనల్ని చదివించినవాళ్ళు వాళ్ళు. విజయవాడ సత్యనారాయణపురంలో పెరిగినవాళ్ళు ఇద్దరి ముగ్గురినైనా గుర్తుపడతారు.

నేను 1976లో ఆరో తరగతిలో చేరి 1981లో పదో తరగతి పూర్తిచేశాను. ఇప్పటి పిల్లలకి బీఆర్‌టీఎస్ రోడ్డు అంటేనే తెలుస్తుంది. ఒకప్పుడు అక్కడ రైలు కట్ట ఉండేది. రైళ్ళు మన పేట నడిమధ్యలోంచి పోయేవి. మా ఇల్లు కట్టకి ఇవతల, బడి అవతల, మధ్యలో గేటు. పొద్దున తొమ్మిదిన్నరకి గేటు పడిందంటే రిక్షాలు, సైకిళ్ళు, పాల క్యాన్లు, రెండు జడలేసుకున్న మేము, అందరం అక్కడే నిలబడిపోయేవాళ్ళం. గూడ్సు బండి వస్తే పెట్టెలు లెక్కపెట్టుకోవడమే పని. మగపిల్లలు గేటు కింద నుంచి దూరబోతే గేటు తాత జెండా కర్రతో అడ్డం పెట్టి, "మీ అమ్మకి నేనేం జవాబు చెప్పుకోవాలిరా?" అనేవాడు. కొట్టేవాడు కాదు, ఆ మాట చాలు, వాళ్ళు వెనక్కి వచ్చేసేవాళ్ళు.

వాన పడుతుంటే మా పుస్తకాల సంచులన్నీ తన గదిలో పెట్టించి, మమ్మల్ని చూరు కింద నిలబెట్టి, తను మాత్రం తడుస్తూ గేటు దగ్గరే ఉండేవాడు. ఆలస్యంగా వెళ్ళినవాళ్ళు "గేటు పడింది సార్" అంటే బడిలో ఊరుకునేవాళ్ళు. కానీ మన డ్రిల్లు మాస్టారు సాయంత్రం అదే గేటు దాటి ఇంటికి వెళ్ళేవారు కదా! "ఇవాళ తొమ్మిదిముప్పావుకి గేటు పడిందా?" అని తాతని అడిగేవారు. తాత అబద్ధం చెప్పేవాడు కాదు. అందుకని మేమూ చెప్పేవాళ్ళం కాదు.

మా క్లాసులో చాలామంది రైల్వే వాళ్ళ పిల్లలు. ఒకమ్మాయి వాళ్ళ నాన్నగారు గార్డు. ఆయన లైను బాక్సు ఇంటి వరండాలో ఉండేది, రేకుపెట్టె, మూత మీద తెల్లరంగుతో పేరు. ఒక సెలవు రోజున అందులోంచి చేతిదీపం తీసి నా చేతికిచ్చారు. కిరసనాయిలు వాసన. పైన పట్టుకుని తిప్పితే తెల్లటి వెలుతురు కాస్తా ఎర్రగా మారేది, ఇంకొంచెం తిప్పితే ఆకుపచ్చ. లోపల ఉన్నది ఒకటే వత్తి, తిరిగేది రంగు అద్దం. "చూశావా, దీపం మారలేదు, అద్దం మారింది" అన్నారాయన. తరవాత బడిలో కాంతి పాఠం చెప్పినప్పుడు నాకు కొత్తగా అనిపించలేదు. ఆ పాఠం గార్డుగారి వరండాలో అప్పటికే అయిపోయింది.

ఆ ఇంటికే రాత్రిళ్ళు కాల్ బాయ్ వచ్చేవాడు. బాయ్ అని పేరేగానీ ముప్పై ఏళ్ళవాడు. డ్యూటీ పడ్డ డ్రైవర్లనీ గార్డులనీ నిద్రలేపి, పుస్తకంలో సంతకం పెట్టించుకుని వెళ్ళడం ఆయన ఉద్యోగం. పన్నెండింటికి, రెండింటికి, తెల్లారగట్ట నాలుగింటికి, ఎప్పుడు పడితే అప్పుడు ఆ సైకిలు చప్పుడు వినపడేది. పదో తరగతి పరీక్షల ముందు మా ఇంట్లో అలారం గడియారం లేదు. గార్డుగారమ్మాయి ఆయనతో ఏమని చెప్పిందో, మార్చి నెలంతా నాలుగింటికి మా కిటికీ ఊచల మీద కూడా టకటకా చప్పుడయ్యేది. "లేచావా అమ్మా?" అని అడిగి, నేను దీపం వెలిగించేదాకా ఉండి, అప్పుడు సైకిలెక్కేవాడు. ఇలా మా బ్యాచ్‌లో ఎంతమందిని లేపాడో నాకు తరవాతెప్పుడో తెలిసింది. ఆ రాత్రి డ్యూటీ లేని వీధుల్లోకి కూడా మా కోసం వచ్చేవాడు.

మా లోగిలిలో ఐదు వాటాలు. ఒక గిలక బావి, ఒక పంపు. పొద్దున్నే పంపు దగ్గర బిందెల వరస, ఇంటివారి వాటాలోంచి విజయవాడ రేడియో కేంద్రం భక్తిరంజని. రేడియో ఒక్కరికే ఉన్నా అందరికీ వినపడేలా పెట్టేవాళ్ళు. గడియారంతో పని లేదు, రేడియోని బట్టే స్నానాలు, జడలు, చద్దన్నం అన్నీ జరిగిపోయేవి. ఆదివారం మధ్యాహ్నం రేడియోలో రామాయణ భారతాలు చెప్పే ఉషశ్రీగారి గొంతు మొదలైతే వంటింట్లో గరిటెలు కూడా ఆగిపోయేవి. బాలమురళీకృష్ణగారి ఇల్లు మన పేటలోనే. మేం బళ్ళో చేరేసరికే ఆయన మద్రాసులో స్థిరపడ్డారు. ఎనిమిదేళ్ళ వయసులో బెజవాడలోనే మొదటి కచేరీ చేశారనీ, ఇక్కడి సంగీత కళాశాలకి తొలి ప్రిన్సిపాల్ ఆయనేననీ పెద్దవాళ్ళు చెబుతుంటే, ఆయన మా చుట్టమే అన్నంత గర్వంగా ఉండేది.

నాకు ముందు చదువు చెప్పింది ఆ లోగిలిలోని తాతగారే. 1972, 73 సంవత్సరాల్లో ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కోసం జై ఆంధ్ర ఉద్యమం. బళ్ళు నెలల తరబడి మూతపడ్డాయి. ఊళ్ళో కర్ఫ్యూ. పెద్దవాళ్ళ మొహాల్లో టెన్షన్ కనపడేది కానీ ఎందుకో మాకు తెలిసే వయసు కాదు. ఆ తాతగారు మూడో వాటాలో ఉండేవారు, రిటైరైన పోస్టుమాస్టారు. ఆయన లోగిలిలో పిల్లలందరినీ అరుగు మీద కూర్చోబెట్టారు. ఎవరూ అడగలేదు. పొద్దున ఎక్కాలు, సాయంత్రం ఉత్తరాలు రాయడం. తేదీ ఎక్కడ వెయ్యాలి, పెద్దవాళ్ళకి ఏమని మొదలుపెట్టాలి, చిరునామాలో ఊరి పేరు కింద గీత ఎందుకు గియ్యాలి, అన్నీ పలక మీద రాయించేవారు. అవి మార్కాపురం పలకలు. తెల్లబడితే బొగ్గూ దొండాకూ కలిపి రుద్ది నల్లగా చేసుకునేవాళ్ళం. బళ్ళు తెరిచేసరికి మా అరుగు పిల్లలకి ఇరవయ్యో ఎక్కం దాకా వచ్చేసింది. ఆయనకి గురుదక్షిణ ఇవ్వాలన్న ఊహ కూడా మాకు అప్పుడు రాలేదు.

బడి ఎదురుగా టైలరు గురించి కూడా చెప్పాలి. జూన్‌లో యూనిఫాం కొలతలు తీసుకునేటప్పుడు మా అమ్మలు అడగకముందే, "పెరిగే పిల్లలమ్మా, మడత నాలుగు వేళ్ళంత ఎక్కువ పెడతాను" అనేవాడు. ఏడాది తరవాత ఆ మడత విప్పితే కింద కొత్త గుడ్డ ముదురు నీలం పట్టీగా కనపడేది. మా అందరి పావడాలకీ ఆ పట్టీ ఉండేది కాబట్టి ఎవరికీ చిన్నతనంగా ఉండేది కాదు. విప్పి కుట్టినందుకు డబ్బు తీసుకునేవాడు కాదు. 1979 జులైలో అమెరికా వాళ్ళ అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ మన నెత్తినే పడుతుందని ఊరంతా వణికిపోయిన వారం, ఆ కొట్టు ముందు గుమిగూడిన పిల్లలకి రోజూ పేపరు పైకి చదివి వినిపించింది ఈయనే. భయం పుట్టించే ముక్కలు కూడా దాచకుండా చదివి, "భూమ్మీద ఎక్కువ భాగం సముద్రమే కదరా, మీ సైన్సు మాస్టారు చెప్పలేదూ?" అని ధైర్యం చెప్పేవాడు. చివరికి అది హిందూ మహాసముద్రంలోనూ పశ్చిమ ఆస్ట్రేలియాలోనూ పడింది.

దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు నేను ఏడో తరగతి. 1977 నవంబరు 19, శనివారం. బెజవాడలో ఆ రోజు గాలికి తలుపులు నిలవలేదు. కానీ సముద్రం ఊళ్ళ మీదికి వచ్చిందన్న సంగతి వెంటనే ఎవరికీ తెలియలేదు. తీగలు తెగిపోయాయి, దారులు మూసుకుపోయాయి. నాగాయలంక, కోడూరు, హంసలదీవి, ఆ పేర్లు మాకు పండగలకి వెళ్ళే చుట్టాల ఊళ్ళుగానే తెలుసు. పది వేల మంది పోయారని విన్నాక మన బడి పిల్లలందరం వీధులు పంచుకుని బియ్యం, పాత బట్టలు పోగుచేశాం. దుప్పట్లు పట్టుకుని ఇంటింటికీ తిరిగాం. వాటాల్లో కాపురం ఉండేవాళ్ళు, నెలాఖరు రోజులు, అయినా డబ్బాలో ఉన్న బియ్యంలో సగం కుమ్మరించినవాళ్ళు ఉన్నారు. ఆ మూటలన్నీ చేర్చడానికి సాయంత్రం దాకా తిరిగిన రిక్షా ఆయనకి టీచరుగారు డబ్బులివ్వబోతే తీసుకోలేదు. పైగా భుజం మీది తువ్వాలు తీసి మూటలో పెట్టాడు. ఆ తువ్వాలు అప్పటికి తడిగానే ఉంది. ఆయన పేరు మాలో ఎవరికీ తెలియదు, ఆ రోజు అడగాలని తోచలేదు.

1980 పుష్కరాలకి వచ్చిన యాత్రికులకి పేట అంతా అన్నాలు పెట్టిన సంగతి వేరే ఎవరైనా రాస్తే బాగుంటుంది. నేను ఇప్పుడు చెప్పబోయేది మా క్లాసు ఆడపిల్లలందరి తరఫునా చెబుతున్నాను.

ఆ రోజుల్లో చాలా బళ్ళలో లాగే మనకీ ఆడపిల్లలకి మరుగుదొడ్డి లేదు. ఈ మాట సంచికల్లో ఎవరూ రాయరు. పొద్దున ఇంటి దగ్గర బయల్దేరితే సాయంత్రం దాకా నీళ్ళు తాగకుండా గడిపే పిల్లలు ఎంతమందో. ఎండాకాలం ఒంటిపూట బళ్ళు పెట్టేదాకా బెజవాడ ఎండల్లో అది ఎంత కష్టమో అనుభవించినవాళ్ళకే తెలుసు. బడి వెనక వీధిలో, గోడకి ఆనుకుని ఒక ఇల్లుండేది. పెరట్లో పారిజాతం చెట్టు. ఆ ఇంటి పిన్నిగారు ఇంటర్వెల్ గంట కొట్టే వేళకి పెరటి తలుపు గడియ తీసి ఉంచేవారు. ఎవరి పిల్ల, ఏ కులం, ఏ క్లాసు అని ఒక్కనాడూ అడగలేదు. పంపు నీళ్ళు పొద్దున కాసేపే వచ్చేవి కదా, ఆవిడ మా కోసం బావిలోంచి తోడి గోలెం నింపి పెట్టేవారు. మేం పదిమందీ ఇరవైమందీ బిలబిలమంటూ వెళ్ళి అవన్నీ ఖాళీ చేసి వచ్చేవాళ్ళం. మధ్యాహ్నం గంటకి చూస్తే మళ్ళీ నిండి ఉండేది. గిలక మీద తాడు లాగి లాగి ఆవిడ అరచేతులు కాయలు కాసి ఉండేవి. మాకు కుంకుడుకాయలు ఇస్తున్నప్పుడు ఒకసారి దగ్గరగా చూశాను.

ఎనిమిదో తరగతిలో మా బెంచీలో అమ్మాయికి క్లాసు మధ్యలో, మొదటిసారి, ఒంట్లో బాగోలేకుండా అయింది. ఏం జరిగిందో దానికీ తెలియదు, మాకూ తెలియదు. ఏడుస్తుంటే ఇద్దరం పట్టుకుని పెరటి తలుపు దగ్గరికి తీసుకెళ్ళాం. అది మడీ ఆచారం గట్టిగా పాటించే ఇల్లు. ఇంట్లో పెద్ద అత్తగారు కూడా ఉన్నారు. గుమ్మం బయటే ఆగిపోయాం. పిన్నిగారు ఒక్క చూపు చూసి, దాన్ని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళారు. పాత నేతచీర చించి మడతలు పెట్టి ఇచ్చారు. వేణ్ణీళ్ళు కాచి స్నానం చేయించి, మజ్జిగ అన్నం పెట్టి, "ఇది జబ్బు కాదు, తప్పూ కాదు. రేపటి బడి మానకు" అన్నారు. వెనక సందులోంచి తనే వాళ్ళింట్లో దిగబెట్టి, వాళ్ళమ్మతో కూడా అదే మాట చెప్పారట. అత్తగారు ఏమన్నారో మాకు తెలియదు. మర్నాడు ఇంటర్వెల్‌కి గడియ మాత్రం తీసే ఉంది.

ఆ వయసుకి బడి మానిపించే ఆడపిల్లలు అప్పట్లో చాలామంది. మా క్లాసు ఆడపిల్లల్లో ఎక్కువమందిమి పదో తరగతి దాకా వచ్చాం. దానికి కారణాలు చాలానే చెప్పొచ్చు, మంచి టీచర్లు, ఒప్పుకున్న తల్లిదండ్రులు. నన్నడిగితే మాత్రం ఆ పెరటి తలుపు పేరే ముందు చెబుతాను. మాలో నర్సులయ్యారు, బ్యాంకుల్లో చేశారు, ఇద్దరు టీచర్లయ్యారు. ఆ ఎనిమిదో తరగతి అమ్మాయి ఊళ్ళోనే డాక్టరు.

పిన్నిగారు ఇప్పుడు హైదరాబాదులో కొడుకు దగ్గర ఉంటున్నారు. తొంభై దగ్గర పడింది. ఈ వ్యాసం రాసే ముందు, ఇవన్నీ అచ్చులో పెట్టవచ్చా అని ఫోన్ చేసి అడిగాను. "దాన్లో ఏముందే, పెట్టుకో" అన్నారు. వినికిడి బాగానే ఉంది. మా పేర్లు గుర్తులేవు కానీ ఇళ్ళు గుర్తున్నాయి. "గార్డుగారి పెద్దమ్మాయి ఎక్కడుంది? గేటు పక్క పచారీ కొట్టు వాళ్ళ చిన్నపిల్ల చదువుకుందా? ఎప్పుడూ జడ ఊడిపోయే పిల్ల ఒకతె ఉండేది, దానికి పెళ్ళయిందా?" అని ఒక్కొక్కళ్ళనీ అడిగారు. కొందరి గురించి చెప్పగలిగాను. మిగతావాళ్ళు ఇది చదివితే స్వయంగా చెప్పండి. ఆవిడ ప్రయాణం చెయ్యలేరు, మనమే వెళ్ళాలి. చిరునామా కమిటీ దగ్గర ఇచ్చాను. మధ్యాహ్నం భోంచేసి పడుకుంటారట, నాలుగు దాటాక వెళ్ళండి.