దగ్గరి ఆసుపత్రి దగ్గర ఆగలేదు

నాకు గుండెపోటు వచ్చిన రాత్రి, అంబులెన్సులో మా బావమరిదికీ టెక్నీషియన్‌కీ పెద్ద వాదన. దారిలోనే ఆసుపత్రి ఉంది కదా, ఆపమంటాడు మావాడు. ఆపనంటాడు అతను. ఛాతీ మీద బండరాయి పెట్టినట్టు నొప్పి, ఎడమ చెయ్యి లాగేస్తోంది, చొక్కా చెమటతో తడిసిపోయింది. ఎవరో ఒకరు గెలిస్తే చాలనిపించింది నాకు.

టెక్నీషియన్ ఇంట్లోనే ఈసీజీ తీసి, ఆస్పిరిన్ నమిలించి, ఆ ఈసీజీని ఫోన్‌లో గుండె డాక్టరుకు పంపేశాడు. "అక్కడ క్యాత్ ల్యాబ్, అంటే మూసుకుపోయిన గుండె రక్తనాళం తెరిచే గది, లేదు సార్. దింపితే మళ్ళీ ఇంకో బండి కోసం కూర్చోవాలి" అన్నాడు. మావాడు చల్లబడ్డాడు.

నాకు కలిసొచ్చింది ఆ ఈసీజీయే. రాత్రివేళ క్యాత్ ల్యాబ్ సిబ్బంది ఇళ్ళలో ఉంటారు. ఈసీజీ ముందే అందడంతో నేను దారిలో ఉండగానే వాళ్ళూ బయలుదేరారు. ఎమర్జెన్సీ వార్డులో మంచం ఎక్కించకుండా, రక్తపరీక్ష రిపోర్టు కోసం ఆగకుండా స్ట్రెచర్‌ను నేరుగా లోపలికి తోసుకెళ్ళారు. మా ఆవిడ లిఫ్ట్ దగ్గర నిలబడే సంతకం పెట్టింది. మణికట్టు నుంచి తీగ పంపి, బెలూన్‌తో రక్తనాళం తెరిచి, అది మళ్ళీ మూసుకుపోకుండా స్టెంట్ అనే చిన్న జాలీ గొట్టం వేశారు. బల్ల మీద ఉండగానే నొప్పి తగ్గడం తెలిసింది.

తర్వాత డాక్టరు లెక్క చెప్పారు: రోగి వచ్చిన 10 నిమిషాల్లో ఈసీజీ, 90 నిమిషాల్లోపు బెలూన్. క్యాత్ ల్యాబ్ చేరి రక్తనాళం తెరవడానికి 120 నిమిషాలు దాటేలా ఉంటే మాత్రం, దగ్గర్లోనే గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చి, అప్పుడు పెద్దాసుపత్రికి పంపాలట. అంటే మావాడి వాదన మరీ కొట్టిపారేసేది కాదు. మాకు క్యాత్ ల్యాబ్ అంత దూరంలో లేదు, అంతే.

ఇంటికొచ్చాక నీరసం ఇంతుంటుందని ఎవరూ చెప్పలేదు. స్నానం చేసొస్తే కూర్చోవాల్సొచ్చేది. ఛాతీలో చిన్న పోటు వచ్చినా టెన్షన్. రిహాబ్‌లో, అంటే గుండె కోలుకోవడానికి చేయించే వ్యాయామ శిక్షణలో, మానిటర్ పెట్టి నడిపించాకే ఆ భయం కొంత వదిలింది. గుండె పంపింగ్ మొదట 40 శాతం, ఈమధ్య ఎకో (గుండె స్కాన్)లో 52 వచ్చింది. రక్తం పలచబరిచే మాత్రలు రెండు రకాలు నడుస్తున్నాయి. పన్ను పీకాలంటే డెంటిస్టు వాటిని ఆపుదామన్నారు. గుండె డాక్టరుకు ఫోన్ చేస్తే, ఆపొద్దు, వీలైతే పన్ను సంగతే కొన్నాళ్ళు వాయిదా వేయమన్నారు.