చెట్టు మీద పాచితో తొమ్మిది నెలలు: నా అనుభవం

మాది ఒడిశాలో పర్లాఖిమిడి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, బజార్లో రెండూ కలిపి కొట్టేస్తాం. ఎమ్మెస్సీ బోటనీలో ప్రాజెక్టు టాపిక్‌లు పంచినప్పుడు నా ఫ్రెండ్స్‌కి ఔషధ మొక్కలు, టిష్యూ కల్చర్ లాంటివి పడ్డాయి, నాకేమో లైకెన్లు. అంటే చెట్ల బెరడు మీద బూడిద రంగులో పొలుసుల్లా అతుక్కుని ఉంటాయి కదా, అవి. ఇంటికొచ్చి చెప్తే నాన్న "ఏటి, మన మామిడిచెట్టుకి పట్టిన పాచేనా? ఏటేటా సంక్రాంతికి నేను గీకి సున్నం కొడతాను కదే, దానికి మళ్లీ చదువేటి" అన్నారు. ఏం చెప్పాలో నాకే తెలీలేదు, ఎందుకంటే అప్పటికి నేను కూడా దాన్ని పాచనే అనుకుంటున్నాను.

పాచి కాదు. ఒక ఫంగసూ, ఒక ఆల్గా కలిసి కాపురం పెడితే లైకెన్. ఇల్లు కట్టేది ఫంగస్, ఎండ పట్టుకుని వంట చేసేది ఆల్గా. వేర్లుండవు, చెట్టు లోపల్నుంచి ఏమీ పీల్చుకోదు, కిందనున్న నల్లటి నూలుపోగుల్లాంటివి పట్టుకోడానికే. చెట్టు దానికి అద్దిల్లు, అంతే. ఇలా ఇద్దరు కలిసి ఉంటారని 1860ల చివర్లో ష్వెండెనర్ అనే ఆయన చెప్తే అప్పటి పెద్దపెద్ద లైకెన్ పండితులే నమ్మలేదంట, కాబట్టి మా నాన్న నమ్మకపోతే నేనేం ఫీలవ్వలేదు.

మా మేడమ్ ఒకటే జాతిని ఇచ్చారు, పార్మోట్రేమా టింక్టోరం. పెద్ద పెద్ద మడతలతో, పొడిగా ఉంటే బూడిద రంగు, తడిస్తే పచ్చగా మారుతుంది, బాగా ఎదిగిన ముక్క అరచేతికంత ఉంటుంది, ఒక్కోటి కంచమంత కూడా. "ఇది మన దగ్గర ఎక్కడ బతుకుతోంది, ఎక్కడ బతకట్లేదు, ఎందుకు" ఇదీ ప్రశ్న. నాకు జవాబు ముందే తెలుసనుకున్నాను. నీళ్లు! తడి ఉన్న చోట ఉంటుంది, లేని చోట ఉండదు, నాలుగు ఫోటోలు తీసి పెట్టేస్తే అయిపోద్ది. ఈ తెలివితేటలే తర్వాత నా కొంప ముంచాయి.

ముందు పర్మిషన్ గోల. అడవిలోంచి ఆకు ముక్క తెచ్చుకోవాలన్నా కాగితం ఉండాలి. ఫారెస్ట్ ఆఫీసుకి వెళ్తే లైకెన్ అంటే ఏంటని అడిగారు, చెప్పాను, ఒడియాలో రాసుకురమ్మన్నారు. ఒడియాలో శిఉళి అని రాశాను, అంటే పాచి అనే, అది చూసి "శిఉళి తీసుకెళ్లడానికి పర్మిషన్ ఎందుకమ్మా" అన్నారు, అలాగని ఊరికే తీసుకెళ్లమని కూడా అనరు. మూడుసార్లు తిరిగాను. చివరికి మా మేడమ్ రాసిన లెటర్‌లో బొటనవేలంత ముక్కలు మాత్రమే తీస్తామని స్పష్టంగా రాసేసరికి సంతకం పడింది. ఈ పని పెట్టుకునేవాళ్లు ఆ వాక్యం మొదటి లెటర్‌లోనే రాసేయండి, రెండు ట్రిప్పులు మిగుల్తాయి.

సెప్టెంబర్ చివర్లో మా మావయ్య బండి మీద మహేంద్రగిరి వైపు బయల్దేరాం. మావయ్యకి బజార్లో బట్టల కొట్టుంది, కొట్టు మూసిన రోజే నాకు డ్రైవరు. మహేంద్రగిరి 1501 మీటర్లు, మా ఊరేమో దాని కింద ఎక్కడో వేడిలో ఉంటుంది. కొయిన్‌పూర్ దాటి పైకి ఎక్కుతుంటే చెట్ల ఒళ్లు మారిపోవడం బండి మీంచే కనిపిస్తుంది. కింద నున్నగా, దుమ్ముగా ఉన్న మానులు, పైకి పోయేకొద్దీ బూడిద రంగు మచ్చలు, ఆ పైన మంచు పట్టే చోట కొమ్మలకి గడ్డాలు వేలాడుతున్నట్టు. మావయ్య బండాపి "ఓలమ్మో, ఇన్నేళ్లు శివరాత్రికి ఈ దారంటే వచ్చాను, ఒక్కనాడూ చూళ్లేదే" అన్నాడు. అక్కడొక సవర తాత తన పనసచెట్టు కింద కూర్చునున్నాడు, మావయ్య ఒడియాలో ఏదో మాట్లాడాడు, తాత నవ్వి ఎంత కావాలంటే అంత గీక్కోమన్నాడు.

ఉలితో బెరడు పైపొరతో సహా చిన్న చిన్న ముక్కలు తీశాను. తీసి, పాలిథీన్ కవర్లో వేసి ముడి కట్టాను. కూరగాయలు పెట్టినట్టు. ఇంటికొచ్చాక ఒళ్లునొప్పులతో రెండ్రోజులు దాని జోలికి పోలేదు, మూడోరోజు విప్పితే గుప్పుమని బూజు కంపు, ముక్కలన్నీ గోధుమరంగులో జిగురుగా. మేడమ్‌కి చూపిస్తే ఏమీ అన్లేదు, పాత న్యూస్‌పేపర్ తీసి పొట్లం ఎలా మడవాలో చూపించారు, కిరాణా కొట్టు పొట్లం లాంటిదే. గాలికి ఆరబెట్టి కాగితం పొట్లంలో పెడితే లైకెన్ ఏళ్ల తరబడి ఉంటుంది. ఎండితే చావదు. మూసిపెట్టిన తడిలో చస్తుంది. అప్పుడే నాకు బల్బు వెలగాల్సింది, వెలగలేదు.

అక్టోబర్‌లో మళ్లీ వెళ్లి తెచ్చాం. ఈసారి పేరు తేల్చే పని. దీనికి పెద్ద మిషన్లు అక్కర్లేదు, పది రెట్లు చూపించే చిన్న లెన్సు, ఒక బ్లేడు, రెండు సీసాలు. పైన పొర గీకితే లోపల తెల్లగా దూదిలా ఉంటుంది, ఆ తెలుపు మీద ఒక చుక్క బ్లీచింగ్ నీళ్లు వేస్తే టింక్టోరం అయితే వెంటనే ఎర్రబడాలి, లెకనోరిక్ యాసిడ్ ఉంటుంది కాబట్టి. అసలు ఆ టింక్టోరం అన్న లాటిన్ మాటకి అర్థమే రంగులద్దేవాళ్లది అని. నేను చుక్క వేశాను, ఏమీ అవలేదు. ఇంకో ముక్క, ఏమీ లేదు. పదకొండు ముక్కలకీ అంతే. నేను తెచ్చింది వేరే జాతని రాసేసుకుని, అది ఏమై ఉంటుందా అని వారం రోజులు పుస్తకాలు తిరగేశాను. అంచుల్లో పిండిలాంటి పొడి ఉంటే పెర్లాటం అనే దీని చుట్టం జాతి అవ్వాలి, అదే మన బిర్యానీ సరుకుల్లో వేసే రాతిపువ్వు, కానీ నా ముక్కల మీద పిండి లేదు, లెన్సులో చూస్తే చిన్న చిన్న వేళ్లలాంటి పుల్లలున్నాయి. వాటిని ఇసిడియా అంటారు, ఈ పుల్లలు విరిగి వేరే చోట పడితే అక్కడ కొత్త లైకెన్ మొలుస్తుంది. పుల్లలేమో టింక్టోరం అంటున్నాయి, బ్లీచింగేమో కాదంటోంది. చివరికి మా ల్యాబ్ అటెండర్ అన్న వచ్చి సీసా వాసన చూసి "ఇది కిందటేడుదమ్మా, ఘాటెక్కడుంది" అన్నాడు. బ్లీచింగ్ ఊరికే ఉంటే బలం పోతుంది. బజార్లో కొత్త బ్లీచింగ్ పౌడర్ పది రూపాయల పొట్లం కొని నీళ్లలో కలిపి చుక్క వేస్తే, బ్లేడుతో వేలు తెగినట్టు ఎర్రగా వచ్చింది. పదకొండుకి తొమ్మిది టింక్టోరమే.

ఊళ్లో చెట్లమీద ఏముందో కూడా చూడాలి కదా. మహేంద్రతనయ ఏటి ఒడ్డు నుంచి బస్టాండ్ దాకా మామిళ్లు, కొబ్బరి చెట్లు అన్నీ చూశాను, టింక్టోరం ఒక్కటీ లేదు. బెరడుకి తెల్లగా బూడిదగా గట్టిగా అతుక్కున్న చిన్న లైకెన్ మాత్రం బోలెడు. పిక్సిన్ కోకోస్ అయ్యుంటుంది, యూవీ లైటు కింద పసుపుగా మెరిస్తే అదే అన్నారు మేడమ్. యూవీ లైటు మా డిపార్ట్‌మెంట్‌లో పాడైపోయి ఉంది. మావయ్య కొట్లో దొంగనోట్లు చూసే లైటు ఉంది కదా! రాత్రి కొట్టు కట్టేశాక దాని కింద కొబ్బరి బెరడు ముక్కలు పెట్టాం, పసుపుపచ్చగా మెరిశాయి. మావయ్య ఆనందం చూడాలి, మర్నాటి నుంచి కొట్టుకొచ్చినోళ్లందరికీ అదే కథ. ఈ పిక్సిన్ దుమ్ముకీ పొగకీ ఓర్చుకునే రకం, టింక్టోరం ఓర్చుకోలేదు. జపాన్‌లో ఇదే టింక్టోరాన్ని ఉమె చెట్టు పాచి అని పిలుస్తారంట, ఊళ్లలో అది మాయమైతే గాలి చెడిందని లెక్క. వేర్లు లేవు, ఆకులకున్నట్టు మీద మైనం పూత లేదు, వానలో మంచులో గాలిలో ఏదొస్తే అదంతా ఒంట్లోకి పోవాల్సిందే, వడపోత లేదు. 1866లోనే నైలాండర్ అనే ఆయన పారిస్‌లో ఇది గమనించాడు, ఊరి మధ్య లైకెన్లు లేవు, లక్సెంబర్గ్ తోటలో ఉన్నాయని.

లెక్కపెట్టే పద్ధతి ఒకటుంది. పది సెంటీమీటర్ల గళ్లు ఐదు ఒకదాని మీద ఒకటి, నిచ్చెనలాగ, దాన్ని నేల నుంచి మీటరు ఎత్తున మానుకి నాలుగు దిక్కులా పెట్టి ఏ గడిలో ఏముందో రాసుకోవాలి. నేను జీఐ తీగతో చేయించాను. తీరా రోడ్డు పక్క చెట్లకి పెడదామంటే సరిగ్గా ఆ మీటరు ఎత్తులోనే అన్ని చెట్లకీ సున్నం, మధ్యలో ఎర్రమట్టి పట్టీ! సున్నం కొట్టిన ఎత్తు దాటాక లైకెన్ ఉంది, సున్నం కొట్టిన చోట లేదు. దాంతో రోడ్డు చెట్లు చాలావరకు వదిలేసి ఇళ్ల వెనక పెరళ్లు పట్టుకుని తిరిగాను, జామచెట్టూ నీలగిరీ తెల్లమద్దీ తీసేశాను, వాటి బెరడు ఊడిపోతూ ఉంటుంది, ఇంటి గోడే రాలిపోతుంటే అద్దెకెవరుంటారు. వంగిన చెట్లు కూడా వద్దన్నారు, వాన నీళ్లు ఒకవైపే కారతాయి కాబట్టి. చూడ్డానికి సులువు గానీ ఒక్కో చెట్టుకి గంట పట్టింది, చుట్టూ పిల్లలు, "అక్కా బంగారం వెతుకుతున్నావా" అని.

అసలు నా ప్రాజెక్టు పెరుగుదల కొలవడం. తాత పనసచెట్టు మీద ఐదు ముక్కలు ఎంచి, పక్కన బెరడులో గుర్తుకి చిన్న మేకులు కొట్టి, పైన ప్లాస్టిక్ షీటు పెట్టి అంచు వెంబడి సన్న మార్కర్‌తో గీశాను. ఏప్రిల్‌లో వెళ్లి అదే షీటు పెట్టి చూస్తే రెండు గీతలూ దాదాపు ఒకదాని మీద ఒకటి. మార్కర్ గీత మందం ఎంతో అది పెరిగిందీ అంతే. ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లు పెరిగే దాన్ని నేను ఆరు నెలల్లో కొలుస్తానని ఎలా అనుకున్నానో. 2018లో తిత్లీ తుఫానుకి ఆ తాత పెరట్లో మామిళ్లు మూడు పడిపోయాయంట, వాటి మానుల నిండా ఇదే ఉండేదని చేతులు బారజాపి చూపించాడు. అంత పట్టడానికి ఆ చెట్లు ఎన్నేళ్లు నిలబడ్డాయో.

ఇక నా ఘనకార్యం. జనవరిలో కొండ మీంచి తెచ్చిన ఆరు ముక్కల్ని బెరడుతో సహా మా పెరటి మామిడికి నైలాన్ దారంతో కట్టాను, కింద బతుకుతుందో లేదో చూద్దామని. సంక్రాంతికి నాన్నని బతిమాలి ఆ చెట్టుకి సున్నం ఆపించాను. నీళ్లుంటే చాలు కదా అని మూడు ముక్కలకి రోజూ పదకొండు గంటలకీ, మళ్లీ మధ్యాన్నం మూడు గంటలకీ స్ప్రేతో బోరు నీళ్లు కొట్టేదాన్ని. మిగతా మూడింటిని ఏమీ చెయ్యకుండా వదిలేశాను. పోల్చుకోడానికే తప్ప వాటి మీద ఆశ లేదు. మార్చి వచ్చేసరికి నీళ్లు కొట్టినవి మూడూ తెల్లబడి, ఎరుపు గోధుమరంగు తిరిగి, ముట్టుకుంటే ఊడొచ్చాయి. వదిలేసినవి అంచులు కొంచెం కాలాయి గానీ ఉన్నాయి.

మేడమ్ చెప్తుంటే నాకు పొట్లం సంగతి గుర్తొచ్చింది. లైకెన్ ఎండిపోయినప్పుడు నిద్రపోతుంది, ఆ నిద్రలో ఎండని చాలావరకు తట్టుకుంటుంది. తడి తగిలితే నిమిషాల్లో లేస్తుంది. లేచాక వెలుగు ఉండి చల్లగా ఉంటే తిండి చేసుకుంటుంది, వేడిగా ఉంటే చేసుకున్న దానికంటే ఎక్కువ ఖర్చు పెట్టేస్తుంది. నీళ్లు మరీ ఎక్కువైతే లోపలికి కార్బన్ డయాక్సైడ్ కూడా సరిగా పోదు. కొండ మీద తెల్లవారుజామున మంచు పడుతుంది, రెండు మూడు గంటలు చల్లటి వెలుగులో పని చేసుకుంటుంది, ఎండెక్కేలోపు ఆరి పడుకుంటుంది. నేనేమో నడినెత్తిన ఎండలో లేపి లేపి పని చేయించాను, అదీ ఉప్పు బోరు నీళ్లతో. మా అమ్మ ఇది విని "రాత్రి డ్యూటీ చేసొచ్చిన మనిషిని మధ్యాన్నం లేపినట్టు" అంది. థీసిస్‌లో ఈ వాక్యం రాసుకోనివ్వలేదు మేడమ్.

అందుకే పనసచెట్టు మీద కూడా తూర్పు, ఉత్తరం వైపు ఎక్కువ, నడమధ్యాన్నం ఎండ కొట్టే దక్షిణం వైపు తక్కువ ఉన్నాయి. ముందు నేను ఉత్తరం వైపు తడి ఎక్కువ అని రాశాను, దాన్ని కొట్టేసి మళ్లీ రాశాను.

వైవాలో ఎక్స్‌టర్నల్ సార్ పెరుగుదల చాప్టర్ చూసి "ఫలితం లేదా?" అన్నారు, లేదు సార్ అన్నాను, చచ్చిన మూడు ముక్కల ఫోటో చూపించాను, దాని మీదే ఇరవై నిమిషాలు అడిగారు. మార్కులు బానే వేశారు. మా పెరట్లో మిగిలిన మూడింటిలో ఒకటి మే వడగాడ్పులకి పోయింది, రెండున్నాయి, నాన్న వాటి చుట్టూ జానెడు ఖాళీ వదిలి సున్నం కొడతానంటున్నారు. ప్లాస్టిక్ షీట్లు దాచి ఉంచాను. అక్టోబర్‌కి ఏడాది నిండుతుంది, మావయ్య కొట్టు మూసి వస్తే, తాత పెరట్లో పిల్లలు ఆ మేకులు పీక్కుపోకుండా ఉంటే, మళ్లీ వెళ్లి గీయాలి.