29వ నంబరు బస్సులో ఒక సెమిస్టరు

2024 సెప్టెంబరు మూడో వారంలో లండన్‌లో దిగినప్పుడు నా వెంట ఉన్నవి ఒక సూట్‌కేసు, బ్లూమ్స్‌బరీలోని ఒక కళాశాల ఇచ్చిన ప్రవేశపత్రం, డిసెంబరు నడిమి దాకా రోజుల లెక్కన పంచి పెట్టుకున్న డబ్బు. ఆరు నెలలకు మించని చదువుకు బ్రిటన్‌లో సందర్శకుల వీసాయే సరిపోతుంది కాబట్టి కాగితాల పని తేలికగానే తెమిలింది. అయితే ఆ వీసా మీద వచ్చినవారు ఒక్క గంటైనా జీతానికి పని చేయకూడదు. పూర్తి డిగ్రీకి వచ్చిన నా సహాధ్యాయులు తరగతులు సాగే రోజుల్లో వారానికి 20 గంటల వరకు పనిచేసి కొంత వెనకేసుకుంటుంటే, నేను మాత్రం తెచ్చుకున్నదాన్ని కరిగించుకుంటూ కూర్చోవలసి వచ్చింది.

తొలి దెబ్బ అద్దెది. కళాశాలకు నడిచివెళ్లేంత దూరంలో వసతిగృహాలు లేకపోలేదు గానీ, గదులు ఎక్కువగా ఏడాది ఒప్పందానికే ఇస్తారు. పన్నెండు వారాలకు సరేనన్న ఒకే ఒక చోట వారానికి 300 పౌండ్ల పైనే అడిగారు. చివరికి ఉత్తరాన, ఛార్జీల కోసం నగరాన్ని పంచిన వలయాల్లో మూడోదైన మూడో జోన్‌లోని వుడ్ గ్రీన్‌లో, ఒక పెద్దావిడ ఇంట్లో మేడమీది గది నెలకు 780 పౌండ్లకు కుదిరింది. ఇలా యజమాని ఇంట్లోనే గది తీసుకుని ఉండేవారిని అక్కడ లాడ్జర్ అంటారు. మామూలు అద్దెదారు కట్టిన అడ్వాన్సును యజమాని 30 రోజుల్లోగా ప్రభుత్వం ఆమోదించిన రక్షణ పథకంలో ఉంచాలని చట్టం చెబుతుంది. లాడ్జర్‌కు ఆ రక్షణ లేదు. ఈ తేడా నాకు గది ఖాళీ చేసే రోజున గానీ తెలిసిరాలేదు. కార్పెట్ మీది మరక పేరు చెప్పి ఆవిడ 90 పౌండ్లు పట్టుకున్నప్పుడు, ఆ మరక నేను రాకముందే ఉందని చూపించడానికి నా దగ్గర ఒక్క ఫొటో కూడా లేదు. దిగిన రోజే నాలుగు మూలలూ ఫొటో తీసుకోవడానికి రెండు నిమిషాలు పట్టేది కాదు.

రెండో ఖర్చు ప్రయాణం. విద్యార్థులకు సీజన్ టికెట్ల మీద 30 శాతం తగ్గింపు ఇచ్చే ఆయిస్టర్ కార్డు (బస్సుల్లో, రైళ్లలో తాకించి ఛార్జీ కట్టే కార్డు) ఒకటుంది, కానీ దానికి కోర్సు కనీసం 14 వారాలు సాగాలి. నాది రెండు వారాలు తక్కువ. పికడిల్లీ లైన్ రైలులో వుడ్ గ్రీన్ నుంచి బ్లూమ్స్‌బరీలోని రస్సెల్ స్క్వేర్‌కు ఇరవై నిమిషాల్లో చేరవచ్చు, అయితే రద్దీ వేళల్లో దాని ఛార్జీ బస్సు ఛార్జీకి రెట్టింపు పైనే ఉండేది. బస్సుకు అప్పట్లో 1.75 పౌండ్లు, ఎంత దూరం వెళ్లినా అంతే. పైగా మొదటి బస్సులో కార్డు తాకించిన గంటలోపు మరో బస్సు ఎక్కితే దానికి డబ్బు తీసుకోరు. హాపర్ అని పిలిచే ఆ సదుపాయాన్ని నేను వాడుకున్నంత శ్రద్ధగా పాఠ్యపుస్తకాలను కూడా వాడుకోలేదేమో.

అలా వుడ్ గ్రీన్ నుంచి ట్రఫాల్గర్ స్క్వేర్ వెళ్లే 29వ నంబరు బస్సు నా రెండో తరగతి గది అయింది. పై అంతస్తులో ముందు సీటు దొరికితే చాలు, గంట ప్రయాణం భారమనిపించేది కాదు. గ్రీన్ లేన్స్‌లో తుర్కీ రొట్టెల దుకాణాలు తెల్లవారకముందే దీపాలు వెలిగించి ఉండేవి. ఫిన్స్‌బరీ పార్క్ దగ్గర బస్సు నిండిపోయేది. కామ్‌డెన్ రోడ్డు మీద రీజెంట్స్ కాలువ దాటేసరికి ఆనాటి వ్యాసం సగం చదవడం పూర్తయ్యేది. అక్టోబరు ఆఖరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి జరిపాక తిరుగు ప్రయాణమంతా చీకట్లోనే. డిసెంబరులో అక్కడ నాలుగు కాకముందే పొద్దుగూకుతుంది, మధ్యాహ్నపు తరగతి ముగిసి బయటికి వస్తే అర్ధరాత్రి దాటినట్టుండేది.

తిండి సంగతి చెప్పుకోదగ్గదేమీ కాదు. రాత్రిపూట సూపర్‌మార్కెట్‌లో ధర తగ్గించి పసుపు చీటీ అంటించిన సరుకు కొనుక్కుని వండుకున్నాను. మధ్యాహ్నం టావిస్టాక్ స్క్వేర్‌లో, 1968లో ప్రతిష్ఠించిన గాంధీ విగ్రహం ఎదుటి బెంచీ మీద డబ్బా విప్పేవాణ్ణి. 1888లో న్యాయశాస్త్రం చదవడానికి ఈ నగరానికి వచ్చిన ఆయన ప్రతి పైసాకూ లెక్క రాసుకున్నారు, బండి ఖర్చు మిగులుతుందని నడిచివెళ్లగలిగే దూరంలో గది చూసుకున్నారు. నా లెక్కల పుస్తకం నవంబరు రెండో వారంలో ఆగిపోయిందని ఆయన ఎదుట ఒప్పుకోవడం కాస్త ఇబ్బందిగానే ఉండేది.

ఇంత ఖరీదైన నగరంలో అన్నిటికన్నా విలువైనవి ఉచితంగా దొరకడం నాకు చివరిదాకా వింతగానే ఉండిపోయింది. సెయింట్ పాంక్రాస్ పక్కనున్న బ్రిటిష్ లైబ్రరీలో చదువరి కార్డుకు రుసుము లేదు; పెన్ను బయట పెట్టి పెన్సిల్‌తో లోపలికి వెళ్లాలి, అంతే. 2023 అక్టోబరులో జరిగిన సైబర్ దాడి దెబ్బ నుంచి ఆ గ్రంథాలయం అప్పటికింకా పూర్తిగా కోలుకోలేదు, అయినా మూడో జార్జి రాజు పుస్తకాలతో నిండిన గాజు గోపురం పక్కన కూర్చుని నేను రాసినవే నా మంచి వ్యాసాలు.

బ్రిటిష్ మ్యూజియం శుక్రవారాల్లో రాత్రి ఎనిమిదిన్నర దాకా తెరిచి ఉంటుంది. జనం ఈజిప్టు మమ్మీల వైపు వెళ్తుంటే నేను 33ఏ గదికి వెళ్లేవాణ్ణి. అక్కడ గాజు తలుపుల వెనక అమరావతి శిల్పాలున్నాయి. 1845లో మద్రాసులో పనిచేసిన ఆంగ్ల అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకు పంపిన ఆ రాళ్లు 1859లో ఓడమీద లండన్ చేరి, 1880లో ఈ మ్యూజియానికి వచ్చాయి. వాటిలో ఒక పలక దగ్గర ప్రతివారం ఆగేవాణ్ణి. ఒకవైపు క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దం నాటి చెక్కడం: బోధివృక్షం కింద ఖాళీ ఆసనం, బుద్ధుడి రూపం లేదు. దాదాపు మూడు వందల ఏళ్ల తర్వాత ఎవరో ఆ రాతినే తిప్పి, వెనకవైపు స్తూపాన్ని చెక్కారు. కొత్త రాయి తెప్పించే ఖర్చు చూసి అలా చేశారో, మరే కారణమో, ఆ పొదుపు మాత్రం నాకు ఆత్మీయంగా తోచింది. మన రాళ్లు అక్కడెందుకున్నాయన్న కోపం, అవి ఇంత భద్రంగా ఉన్నాయన్న ఊరట ఒకేసారి కలిగేవి. ఏ వారమూ ఒకటి రెండోదాన్ని గెలవలేదు.

డిసెంబరు 13 నా ఆఖరి శుక్రవారం. కాపలాదారు గదులు మూసే వేళయిందని చెప్పేదాకా ఆ పలక దగ్గరే ఉండి, టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్డులో 29 ఎక్కాను. అరువు తెచ్చుకున్న అన్నం గిన్నెను కామ్‌డెన్‌లో ఉంటున్న స్నేహితురాలికి తిరిగి ఇవ్వాలి. ఆమె టీ తాగి వెళ్లమంది, నేను గడియారం చూసుకుంటూనే తాగాను. వీడ్కోలు సగం మెట్ల మీదే చెప్పి పరుగున వచ్చి తర్వాతి బస్సులో కార్డు తాకించేసరికి హాపర్ గంట తీరడానికి ఇంకా మూడు నిమిషాలుంది.