ఒకే కంపెనీ, అయిదు బండ్లు: పర్లాకిమిడి నుంచి నా అనుభవం

ఏడుగురు కూర్చునే డీజిల్ బండి కొనాలని మా ఇంట్లో అనుకున్నప్పుడు ఏ కంపెనీది కొనాలన్న చర్చ అసలు రాలేదు. ఒడిశాలోని మా గజపతి జిల్లా కొండ ఊళ్ళలో ఒకప్పుడు జనాన్ని మోసినవి మహీంద్రా కమాండర్ జీపులే. 1945లో మొదలైన ఆ సంస్థ 1947 నుంచి విల్లీస్ జీపులతో ఈ పనిలోకి దిగింది. ఆ బండ్ల మీద చెయ్యి తిరిగిన మెకానిక్కులు ఈ ప్రాంతంలో చిన్న చిన్న ఊళ్ళలో కూడా ఉన్నారు. కాబట్టి మహీంద్రాయే అన్నది తేలిపోయింది. తేలనిది మహీంద్రాలో ఏది అన్నదే, దానికే నాకు చాలా రోజులు పట్టింది.

మాకు రెండు రకాల ప్రయాణాలున్నాయి. అమ్మానాన్నలను వైద్యం కోసం తరచుగా విశాఖపట్నం తీసుకువెళ్ళాలి. అది పాతపట్నం మీదుగా నరసన్నపేట చేరి, అక్కడినుంచి 16వ నంబరు జాతీయ రహదారి మీద సాగే దారి. రెండోది ఆర్. ఉదయగిరి వైపు ఘాటీ ఎక్కి, తారు రోడ్డు వదిలి, వర్షాకాలంలో ఎర్రమట్టి జారే బాటలో మా జీడితోట దాకా వెళ్ళడం. మొదటిదానికి సుఖం కావాలి, రెండోదానికి గట్టిదనం కావాలి. ఈ రెండూ ఒకే బండిలో ఎంతవరకు దొరుకుతాయన్నదే నా వెతుకులాట అంతా.

షోరూములో ఇచ్చే ధరల పట్టిక చూస్తే ఇవన్నీ ఒకే మెట్ల మీద ఒకదానిపై ఒకటి ఉన్నట్టు, డబ్బు పెంచుకుంటూ పోతే అంతకంతకు మంచి బండి వస్తుందన్నట్టు అనిపిస్తుంది. నిజానికి ఇవి వేరువేరు కాలాల్లో వేరువేరు పనుల కోసం పుట్టిన బండ్లు. బొలెరో 2000 నుంచి ఉంది. బొలెరో నియో పేరుకు దాని తమ్ముడే గానీ, 2015లో టీయూవీ 300గా వచ్చిన బండికి 2021లో మార్పులు చేసి పెట్టిన పేరది. 2002లో వచ్చిన స్కార్పియో 2022లో రెండు పాయలైంది: పాతది స్కార్పియో క్లాసిక్‌గా కొనసాగుతోంది, స్కార్పియో ఎన్ పూర్తిగా కొత్తగా తయారైంది. 2021లో వచ్చిన ఎక్స్‌యూవీ 700 వంశమే వేరు. ఎక్స్‌యూవీ 3ఎక్స్‌ఓ, థార్ రాక్స్ అయిదుగురికే సరిపోతాయి కనుక వాటిని మొదటే పక్కన పెట్టాను.

నా దృష్టిలో ఏడు సీట్ల బండి కొనేవాళ్ళు మొట్టమొదట చూడవలసింది మూడో వరస. బొలెరోలోనూ నియోలోనూ వెనక సీట్లు ఎదురుబొదురుగా, పక్కకు తిరిగి ఉంటాయి. పొలానికి పోయి రావడానికి అవి చాలా అనుకూలం. వెనక తలుపు తీసి సులువుగా ఎక్కవచ్చు, మడిచేస్తే బస్తాలు పడతాయి. కాశీనగర్ దగ్గర ఉండే మా పెదనాన్నగారి అబ్బాయి బొలెరోలో అందరం ఒకసారి ఘాటీ ఎక్కాం. మూడు మలుపులు తిరిగేసరికి అమ్మ, "అడ్డంగా కూర్చుంటే నాకు కడుపులో తిప్పుతాది బాబూ, నన్ను ముందుకి కూర్చోబెట్టు" అంది. అమ్మను ముందుకు తెస్తే వెనక కూర్చోవలసింది పిల్లలు. రహదారి మీద వేగంగా పోయే బండిలో పిల్లలను పక్కకు తిప్పి కూర్చోబెట్టడానికి నా మనసు ఒప్పుకోలేదు. కార్లను ఢీకొట్టించి చూసి, భద్రతకు అయిదు దాకా నక్షత్రాలిచ్చే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ 2024 ఏప్రిల్‌లో వెలువరించిన ఫలితాల్లో నియోకు పెద్దల రక్షణలోనూ పిల్లల రక్షణలోనూ ఒక్కొక్క నక్షత్రమే వచ్చిందని చదివాక ఆ సందేహం నిశ్చయమైంది.

తరువాత బండి అడుగు భాగం సంగతి. బొలెరో, నియో, రెండు స్కార్పియోలు నిచ్చెన లాంటి ఇనుప చట్రం మీద బాడీ బిగించి తయారుచేసినవి. ఎక్స్‌యూవీ 700లో చట్రమూ బాడీ ఒక్కటే, దానినే మోనోకాక్ అంటారు. మొదటి నాలుగింటిలో ఇంజన్ బలం వెనక చక్రాలకు పోతుంది, ఎక్స్‌యూవీ 700లో ముందు చక్రాలకు పోతుంది. ఈ తేడా కాగితం మీద చిన్నదిగా కనిపిస్తుంది గానీ తోట బాటలో చాలా పెద్దది. ఏడుగురితో, సామానుతో ఎత్తు ఎక్కుతున్నప్పుడు బరువంతా వెనక్కి మొగ్గుతుంది. ఆ బరువు పడిన చక్రాలే తిరిగితే బురదలో పట్టు దొరుకుతుంది. ఎక్స్‌యూవీ 700లో నాలుగు చక్రాలూ తిరిగే ఏర్పాటు ఉన్నా, అది ఆటోమేటిక్ గేర్లున్న ఖరీదైన రకాలకే పరిమితం. స్కార్పియో ఎన్ ఫోర్ వీల్ డ్రైవ్‌లో నిటారు బాటల కోసం, నెమ్మదిగా పోతూ ఎక్కువ బలంతో లాగే లో రేంజ్ గేరు కూడా ఉంటుంది, ఎక్స్‌యూవీలో అది లేదు. అయితే మా బాటకు వెనక చక్రాల బలం చాలునని, మంచి టైర్లు ఉంటే సరిపోతుందని మా మెకానిక్ చెప్పాడు. ఆ మాట నేను నమ్మాను.

రహదారి మీదికి వస్తే లెక్క తిరగబడుతుంది. బొలెరో వెనక భాగానికి లారీలకున్నట్టే పట్టీలు పేర్చిన కమాన్లు ఉంటాయి. బరువు వేస్తే అవి కుదురుగా ఉంటాయి, ఖాళీగా పోతే గతుకు గతుకూ నడుముకు తెలుస్తుంది. నియోకు, స్కార్పియోలకు వెనక కాయిల్ స్ప్రింగులు ఉన్నాయి. ఎక్స్‌యూవీ 700లో వెనక చక్రాలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా కదులుతాయి కనుక గుంత ఒక పక్క వచ్చినా రెండో పక్కవారికి అంతగా తెలియదు. నాన్న దానిలో కూర్చుని దిగాక వేరే బండి మాట ఎత్తవద్దన్నారు. ఒక్క విశాఖ ప్రయాణమే మా అవసరమైతే నేను కూడా దానినే తీసుకుని ఉండేవాణ్ణి, అందులో నాకు సందేహం లేదు.

ఇంజన్ల విషయంలో ఎక్కువ ఆలోచన అక్కరలేకపోయింది. బొలెరోలోనూ నియోలోనూ ఉన్నది 1.5 లీటర్ల మూడు సిలిండర్ల డీజిలే. బొలెరోలో బలం 76 పీఎస్ (హార్స్ పవర్ లాంటి కొలత), నియోలో 100 పీఎస్. పెద్ద బండ్లు మూడింటిలోనూ 2.2 లీటర్ల డీజిల్. క్లాసిక్‌లో 132 పీఎస్, స్కార్పియో ఎన్ దిగువ రకంలో 132, పై రకాల్లో 175, ఎక్స్‌యూవీ పై రకాల్లో 185. కనుక 'స్కార్పియో ఎన్ డీజిల్' అని అడిగితే చాలదు. ఏ రకమో, దానిలో ఎంత బలమో కొటేషన్ మీద రాయించుకోవాలి. నిండు బండితో ఘాటీలో లారీని దాటవలసి వచ్చినప్పుడు ఈ రెంటి మధ్య తేడా స్పష్టంగా తెలిసింది.

భద్రత నక్షత్రాలను పోల్చేటప్పుడు కూడా జాగ్రత్త అవసరం. ఎక్స్‌యూవీ 700కు 2021 నవంబరులో పెద్దల రక్షణలో అయిదు, పిల్లల రక్షణలో నాలుగు నక్షత్రాలు వచ్చాయి. స్కార్పియో ఎన్‌కు 2022 డిసెంబరులో అయిదు, మూడు వచ్చాయి. అయితే గ్లోబల్ ఎన్‌క్యాప్ 2022 జులై నుంచి పరీక్షలను కఠినం చేసి, పక్కనుంచి ఢీకొనే పరీక్షను కూడా కలిపింది. అందుకే మొదటిదాని మార్కులు 17కు 16.03, రెండోదానివి 34కు 29.25. రెండు వేర్వేరు ప్రశ్నపత్రాల మార్కులను పక్కపక్కన పెట్టి ఎక్కువ తక్కువలు చెప్పడం న్యాయం కాదు. పిల్లల నక్షత్రాల తేడా మాత్రం నన్ను చాలాసేపు ఆలోచింపజేసింది.

ఇక ధర. 2025 సెప్టెంబరు 22న, నవరాత్రులు మొదలైన రోజునే, కొత్త జీఎస్టీ అమలులోకి వచ్చింది. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1500 సీసీ లోపు డీజిల్ ఇంజన్ ఉన్న బండ్లకు 18 శాతం, అంతకు మించినవాటికి 40 శాతం. బొలెరో, నియో రెండూ 3995 మిల్లీమీటర్లే. ఆ అయిదు మిల్లీమీటర్ల వెసులుబాటు పన్ను కోసం చేసిందే. పెద్ద బండ్లకు కూడా పాత 28 శాతం, దానిపై ఉన్న సెస్సు పోయి 40కి దిగడంతో స్కార్పియో ఎన్ మా చేతికి అందింది.

కొనే ముందు టేపు పట్టుకుని మా వీధిని, గేటును కొలిచాను. బొలెరో వెడల్పు 1745 మిల్లీమీటర్లు, స్కార్పియో ఎన్ 1917. పాత వీధుల్లో ఈ జానెడు తేడా చిన్నది కాదు. అద్దాలు మడిస్తే మా గేటులో పడుతుందని తేలాకే అడ్వాన్సు కట్టాను. తీసుకున్నది 175 పీఎస్ డీజిల్, వెనక చక్రాల బలంతో నడిచే ఏడు సీట్ల స్కార్పియో ఎన్. పెద్దవాళ్ళు మధ్య వరసలో, పిల్లలు మూడో వరసలో రోడ్డు వైపే చూస్తూ కూర్చుంటారు. ఏడుగురూ ఎక్కితే వెనక సామానుకు చోటు దాదాపు ఉండదు. ఈ లోటు ముందే తెలిసి, ఒప్పుకునే తీసుకున్నాం.

చివరిగా రిజిస్ట్రేషన్. శ్రీకాకుళంలోని బంధువుల పేరు మీద ఆంధ్రాలో చేయించమని కొందరు చెప్పారు. జీఎస్టీ దేశమంతటా ఒకటే, రోడ్డు టాక్సు మాత్రం రాష్ట్రానిది. పైగా ఒక రాష్ట్రపు బండిని మరో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం ఇక్కడి నంబరు తీసుకోక తప్పదు. మేము ఉండేది పర్లాకిమిడిలో, బండి తిరిగేది ఇక్కడ. కనుక టాక్సు ఒడిశాలోనే కట్టి, గజపతి జిల్లా ఓడీ 20 వరసలోనే నంబరు తీసుకున్నాం.